చిన్నీకి, పి అక్షరం పాఠం మొదలుపెట్టే ముందు

చిన్నీ,

మన ఊళ్లో పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు మాటలు చెప్పబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వారానికో అక్షరం అట. ఆ అక్షరంతో మొదలయ్యే మాటలు, వాటి అర్థాలు, వాడుక అట. ఫోన్ పెట్టేసి మీ మామయ్యతో గొప్పగా చెప్పుకున్నాను, "మన పిల్ల టీచరమ్మ అవుతోందండీ" అని. తర్వాత నువ్వు వాట్సాప్‌లో పంపిన పి అక్షరం జాబితా చూశాను. అప్పట్నుంచి నాకు టెన్షనే. ఫోన్ చేసి చెప్తే "సరే అత్తా, సరే అత్తా" అంటావు తప్ప వినవు. అందుకే రాస్తున్నాను.

మామూలు విషయాలు ముందు. బోర్డు కొనుక్కో. పిల్లలకు తలో నోటుబుక్కు ఇవ్వు. ఫీజు అడక్కు. ఆడపిల్లల్ని చీకటి పడకముందే ఇళ్లకు పంపెయ్, కాలువగట్టు మీద లైట్లు వెలుగుతాయని పంచాయతీవాళ్లు చెప్పే మాట నమ్మకు. వర్షం వచ్చే సూచన ఉంటే ఆ రోజు క్లాసే వద్దు. ఈ ఒక్కటీ నా మాటగా రాసి పెట్టుకో.

ఇక నీ జాబితా. డిక్షనరీలో ఎస్ తర్వాత లావుగా ఉండేవి సి, పి అక్షరాలే. అందులోంచి నువ్వు ఏరిన తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'పల్క్రిట్యూడినస్' ఏంటే? అందమైన అని చెప్పడానికి అంత మాట నువ్వు జీవితంలో ఎవరితోనైనా అన్నావా? ఎనిమిదో తరగతి పిల్లాడు దాన్ని బట్టీ పట్టి ఏం చేసుకుంటాడు? అదే జాబితాలో 'పుట్' లేదు. పుట్ ఆన్ అంటే వేసుకోవడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వెయ్యడం, పుట్ అవుట్ అంటే ఆర్పడం, పుట్ అప్ విత్ అంటే భరించడం. మా ఆఫీసులో అయితే "ఫైలు పుటప్ చెయ్యి" అనేది రోజూ వినే మాట. మూడక్షరాల మాట, దాని చుట్టూ ఇంత సంసారం ఉంది. దాన్ని వదిలేసి పల్క్రిట్యూడినస్ పట్టుకున్నావు.

మొదటి అక్షరం మాటను వెతుక్కోవడానికి పనికొస్తుంది, నేర్చుకోవడానికి కాదు. 1604లో రాబర్ట్ కాడ్రీ అనే ఆయన ఇంగ్లీషు మాటలకు ఇంగ్లీషులోనే అర్థాలు చెప్పే మొదటి డిక్షనరీ వేసినప్పుడు, ముందు అక్షరాల వరస నేర్చుకోండి, అప్పుడే ఇందులో మాట దొరుకుతుంది అని చదివేవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. వరస ఉన్నది అందుకే. అంతమాత్రాన పక్కపక్కన ఉన్న మాటలకు ఏదో సంబంధం ఉందనుకుంటే ఎలా? ఇంటిపేరు ఒకటైతే చుట్టాలైపోతారా? పెన్, పెన్సిల్ నీ జాబితాలో మొదటివి. అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి కదా. పెన్ లాటిన్‌లో ఈక అనే మాట నుంచి వచ్చింది, ఈకలతో రాసేవాళ్లు కాబట్టి. పెన్సిల్ చిన్న తోక అనే మాట నుంచి వచ్చింది. ముందు దానికి సన్నటి కుంచె అని అర్థం. పెన్సిలిన్ మందుకు పేరు తెచ్చిన బూజు కూడా కుంచెలా కనిపిస్తుందనే దానికి ఆ పేరు పెట్టారు. అంటే పెన్సిల్‌కి చుట్టం పెన్సిలిన్, పెన్ను కాదు. ఇది చెప్పు పిల్లలకు, ఇంటికెళ్లి వాళ్లమ్మలకు చెప్తారు.

ఇప్పుడు నా అసలు భయం. నీ జాబితాలో ప్రిస్క్రైబ్, ప్రోస్క్రైబ్ పక్కపక్కన వేశావు. పర్సిక్యూట్, ప్రాసిక్యూట్ పక్కపక్కన వేశావు. ప్రిసీడ్, ప్రొసీడ్ కూడా అంతే. 'తేడా తెలుసుకోండి' అని పైన ఎర్ర అక్షరాలు.

నేను ఆఫీసులో టైపిస్టుగా ఉన్న రోజుల్లో ఒక అమ్మాయి కారుణ్య నియామకం కింద కొత్తగా చేరింది. తండ్రి పోయి ఏడాది కూడా కాలేదు. తెలుగు మీడియం. ఇంగ్లీషంటే భయం ఉన్నా, కష్టపడే మనిషి. ఎవరో గైడులోంచి చించిన కాగితం టేబుల్ అద్దం కింద పెట్టుకుంది. అచ్చం నీ జాబితా లాంటిదే: పి మాటలు, రెండు వరసలు, ఎదురెదురుగా తేడాలు. టీ తాగుతూ కూడా వల్లె వేసేది. అడిగితే రెండింటి అర్థాలూ గడగడా అప్పజెప్పేది.

ఆ ఏడాది హైస్కూళ్లకు పంపాల్సిన సర్క్యులర్ ఒకటి ఆమె చేతికి వచ్చింది. ఫలానా తరగతులకు నిర్ణయించిన పుస్తకాలు ఇవీ అని జాబితా. అప్పట్లో కంప్యూటర్లు ఎక్కడివి? మెషీన్లో రిబ్బన్ పని చేయకుండా ఆపి, మైనం పూసిన స్టెన్సిల్ కాగితం ఎక్కించి, అక్షరం తెగేలా గట్టిగా కొట్టాలి. తప్పు పోతే దాని మీద ఎర్రటి ద్రవం పూసి, ఊది, ఆరాక మళ్లీ కొట్టాలి. కొట్టింది సరిగ్గా కనపడదు, కాగితం వెలుతురుకు ఎత్తి పట్టుకుంటేనే తెలుస్తుంది. ఆ అమ్మాయి ఒక్క చోట కూడా ఎర్ర మచ్చ లేకుండా కొట్టింది. సూపరింటెండెంటు సంతకం పెట్టాడు, చదివాడని నేననుకోను. సైక్లోస్టైల్ మెషీన్‌లో ఆ స్టెన్సిల్ నుంచి కాపీలు తీసి అన్ని స్కూళ్లకూ పోస్టు చేశారు.

ప్రిస్క్రైబ్డ్ అని ఉండాల్సిన చోటల్లా ప్రోస్క్రైబ్డ్ అని ఉంది. నిర్ణయించిన పుస్తకాలు కాస్తా నిషేధించిన పుస్తకాలయ్యాయి.

కొన్నాళ్లకు ఒక హెడ్మాస్టరు నుంచి ఉత్తరం వచ్చింది. "తమరు నిషేధించిన పుస్తకాలనే మేము ఇప్పటికే బోధించుచున్నాము, పిల్లల వద్ద నుండి తిరిగి తీసుకోవలెనా?" అని. అమాయకంగా అడిగాడో, ఎత్తిపొడిచాడో ఇప్పటికీ తెలియదు. ఆఫీసంతా నవ్వింది. సంతకం పెట్టిన వాడికి ఏమీ కాలేదు, మెమో మాత్రం ఆ అమ్మాయికి ఇచ్చారు. జవాబు నేనే రాసిపెట్టాను.

"వేలు జారిందని రాయండక్కా" అంది. వేలు జారితే ఆ తప్పు రాదు చిన్నీ. ప్రిస్క్రైబ్‌లోని ఇంగ్లీషు 'ఈ' ఎడమచేతి నడిమివేలు కొడుతుంది, ప్రోస్క్రైబ్‌లోని 'ఓ' కుడిచేతి ఉంగరపువేలు కొడుతుంది. చేతికి చేయే మారిపోయింది. పైగా అన్ని చోట్లా ఒకే తప్పు. ఆమెకు రెండు మాటలూ వచ్చు, అదే వచ్చిన చిక్కు. ఒక్కటే వచ్చి ఉంటే ఆ ఒక్కటే కొట్టేది. ఒకే రోజు, ఒకే కాగితం మీద, ఎదురెదురుగా నేర్చుకున్న మాటలు, సమయానికి ఏది ముందు తగిలితే అది వచ్చేసింది. పోలికలున్న మాటల్ని కలిపి నేర్పితే కలగాపులగం అవుతాయని భాషాబోధన మీద పరిశోధన చేసినవాళ్లూ చెప్తారు. నాకు మాత్రం ఆ స్టెన్సిల్ చూసినప్పుడే తెలిసింది.

మెమో సంగతి నాలుగు రోజుల్లో అందరూ మర్చిపోయారు. ఆ అమ్మాయి మర్చిపోలేదు. ఆ తర్వాత 'ప్రెజెంట్' కొట్టాలన్నా ఆగేది. "ఈ నా అక్కా, ఓ నా?" అని నా వైపు చూసేది. చిన్నప్పట్నుంచీ హాజరు పలుకుతూ వచ్చిన మాట అది! ఆ చూపు గుర్తొచ్చే నీ జాబితా చూసి నాకు గుండె దడ పుట్టింది. మన పిల్లలు అసలే నోరు తెరవరు. ఉన్న నాలుగు మాటల మీదా అనుమానం పెంచి పంపకు తల్లీ.

మరి ఎలా చెప్పాలి అంటావు. ఒకటి చెప్పు, రెండోది దాచు. ప్రిస్క్రైబ్ చెప్పేటప్పుడు డాక్టరు ప్రిస్క్రిప్షన్ చూపించు, ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది. డాక్టరు రాసిచ్చినది ప్రిస్క్రిప్షన్, రాసివ్వడం ప్రిస్క్రైబ్. అక్కడితో ఆపు. ప్రోస్క్రైబ్ ఆ వయసుకు అక్కర్లేదు. ఎవడో తెలివైన కుర్రాడు అడిగితే అప్పుడు కథ చెప్పు. క్రీస్తుపూర్వం 82లో రోమ్‌లో సుల్లా అనేవాడు అధికారంలోకి వచ్చి తన శత్రువుల పేర్లు రాయించి నలుగురూ చూసే చోట పెట్టించాడు. ఆ జాబితాలో పేరున్నవాడిని ఎవరైనా చంపవచ్చు, ఆస్తి జప్తు. 'స్క్రైబ్' అంటే రాయడం, 'ప్రీ' అంటే ముందుగా, 'ప్రో' అంటే ఇక్కడ బయటికి, నలుగురి ముందుకు. ముందుగా రాసిచ్చేది డాక్టరు, బయట రాసిపెట్టేది సుల్లా. ఈ ప్రీ, ప్రో, పర్ అనే మూడు లాటిన్ ముక్కల వల్లే పి అక్షరంలో ఇన్ని తికమకలు.

ప్రాసిక్యూట్‌కి పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉన్నాడు, రోజూ పేపర్లో కనిపిస్తాడు. కోర్టులో కేసు నడపడం అని చెప్తే చాలు. పర్సిక్యూట్, అంటే వేధించి హింసించడం, చాలా వారాల తర్వాత చరిత్ర పాఠంలో తగిలినప్పుడు చెప్పు. ప్రొసీడ్‌కి మన ప్రొసీడింగ్స్ ఉన్నాయి, ట్రాన్స్‌ఫర్ ప్రొసీడింగ్స్ అంటే తెలియని టీచరుగారి పిల్లలుండరు. స్పెల్లింగులో చివర సి, రెండు 'ఈ'లు, తర్వాత డి వచ్చే మాటలు ఇంగ్లీషులో మూడే: ఎక్సీడ్, ప్రొసీడ్, సక్సీడ్. ప్రొసీజర్‌లో మళ్లీ ఒక 'ఈ' ఎగిరిపోతుంది, దానికి నన్ను కారణం అడక్కు.

ప్రిన్సిపల్ సంగతి వేరు. రెండు స్పెల్లింగులు, ఒకే పలుకుబడి, కాబట్టి ఎలాగూ కలుస్తాయి. 'పాల్' అని చివర పి, ఏ, ఎల్ ఉండేది కాలేజీ ప్రిన్సిపాల్‌కీ, అప్పులో అసలుకీ చెల్లుతుంది. బంగారం కుదువపెట్టిన కాగితాలు చూసిన పిల్లలకు అసలు, వడ్డీ చెప్పనక్కర్లేదు, పాపం. పి, ఎల్, ఈ ఉండేది సూత్రం, నియమం.

కలిపి నేర్పగలిగినవీ ఉన్నాయి. పర్మిట్, ప్రొడ్యూస్, ప్రాజెక్ట్, ప్రెజెంట్: వీటన్నిటికీ వరస ఒకటే. వస్తువు పేరైతే మొదట్లో ఊనిక, పని చెప్పే మాటైతే చివర్లో ఊనిక. బహుమతి అన్నప్పుడు 'ప్రె' మీద బరువు, బహూకరించడం అన్నప్పుడు 'జెంట్' మీద బరువు. పిల్లల చేత గట్టిగా అనిపించు, గోల గోలగా ఉంటుంది, బాగుంటుంది.

ఇంకో ఆట చెప్తాను. పల్చటి కాగితం ముక్క పెదాల ముందు పట్టుకుని ఇంగ్లీషువాళ్లలా 'పిన్' అంటే కాగితం ఎగురుతుంది. 'స్పిన్' అంటే ఎగరదు. మన 'ప'తో 'పిల్లి' అన్నా ఎగరదు. వాళ్ల మొదటి పిలో గాలి ఎక్కువ, అందుకే మన పిన్ వాళ్ల చెవికి ఒక్కోసారి 'బిన్' అని వినపడుతుంది. మనకు ఆ గాలి కోసం 'ఫ' ఉండనే ఉంది, కానీ దాన్ని ఇప్పుడు చాలామంది ఎఫ్‌లాగే పలుకుతున్నాం. ఇది సరదాకే సుమా. ఉచ్చారణ పేరు చెప్పి ఏ పిల్లనూ నిలబెట్టి పదిసార్లు అనిపించకు. సైకాలజీ, న్యుమోనియాల్లో పి రాస్తారు, పలకరు అని చెప్పు, సరిపోతుంది.

'ప్రీపోన్' తప్పు అని రాశావు జాబితా కింద. ఎందుకే తప్పు? పోస్ట్‌పోన్‌కి ఎదురుమాట కావలసి వచ్చి మన దేశంలో వాడుక చేసుకున్నాం, బస్సులో, బ్యాంకులో, పెళ్లి ముహూర్తంలో అందరికీ అర్థమవుతోంది. బయటి దేశాల్లో అయితే 'బ్రింగ్ ఫార్వర్డ్' అనాలని ఒక్క ముక్క చెప్పు చాలు. 'పాస్డ్ అవుట్' విషయంలో మాత్రం జాగ్రత్త చెప్పాల్సిందే. మనకు కాలేజీ చదువు పూర్తిచేయడం, అక్కడివాళ్లకు స్పృహ తప్పి పడిపోవడం. ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టేటప్పుడు 'గ్రాడ్యుయేటెడ్' అని రాయమను.

మాటల కోసం పెద్ద డిక్షనరీలు తిరగెయ్యకు. ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి కదా, వాళ్ల సైన్సు పుస్తకంలోంచే పి మాటలు ఏరు. ప్రెషర్, పవర్, ప్లాంట్, పొల్యూషన్. రేపు పరీక్షలో వాళ్లకు ఎదురయ్యేవి అవే. కొత్త మాట విడిగా రాయించకు, వాక్యంలో రాయించు.

ఇంత తిట్టానని చిన్నబుచ్చుకోకు. ఆదివారాలు నా ఒళ్లో కూర్చుని మెషీన్ మీద ఒక్క వేలితో నీ పేరు కొట్టుకున్నదానివి. అక్షరాలు కొట్టే రెండు కడ్డీలు ఒకదాన్నొకటి పట్టుకుంటే "అత్తా, దెబ్బలాడుకుంటున్నాయి" అని నా మొహంలోకి చూసేదానివి. నువ్వు టీచరమ్మవి కావడం నాకు ఎంత ఇష్టమో మీ నాన్నను అడుగు.

జాబితాలో సగం కొట్టేసి మళ్లీ పంపు, చూసి చెప్తాను. పి తర్వాత క్యూకి పెద్దగా మాటలుండవు, క్యూ పక్కన యు ఉండి తీరుతుందని చెప్పెయ్. మన ఊరి పిల్లలు వెంటనే లేచి "మరి ఖతార్ స్పెల్లింగులో క్యూ పక్కన యు లేదే?" అంటారు, వాళ్ల నాన్నలు అక్కడే కదా ఉన్నది. జవాబు సిద్ధం చేసుకో. ఆ వారం పిల్లలకు రెండు రోజులు సెలవిచ్చి ఇక్కడికి రా. కొత్తావకాయ తిరగేశాను, జాడీ నువ్వే పట్టుకెళ్లాలి, బస్సులో పార్సిల్ వెయ్యను.

అత్తయ్య