మోలీల నోటి దగ్గర దూది ఫంగస్ కాదు, ఫార్మలిన్ వేయొద్దు

ప్రశ్న: పెరట్లో 500 లీటర్ల సిమెంటు తొట్లు 4 కట్టించి రంగు చేపల పెంపకం మొదలుపెట్టాను. 18 రోజుల క్రితం చెన్నై కొళత్తూరు నుంచి మోలీలు 600, గోల్డ్ ఫిష్ 200 తెచ్చాను. పదో రోజు నుంచి చనిపోతున్నాయి. ఇప్పుడు రోజుకు 25, 30 పోతున్నాయి. తెల్లవారేసరికి అన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. మోలీల నోటి చుట్టూ దూది లాంటిది, వీపు మీద తెల్లటి పొర ఉన్నాయి. షాపులో ఫంగస్ అని మిథిలీన్ బ్లూ ఇచ్చారు. తగ్గలేదంటే తొట్టికి 20 చొప్పున 500 మి.గ్రా. ఆక్సీటెట్రాసైక్లిన్ కాప్సూల్స్ విప్పి వేయమంటే అలాగే వేశాను. రెండుసార్లు నీళ్లన్నీ తీసేసి, ఫిల్టర్లతో సహా బ్లీచింగ్‌తో కడిగాను. బోరు నీటి పీహెచ్ 7.8. ఇంకొకరు వైట్ స్పాట్ అంటున్నారు. ఇప్పుడు ఫార్మలిన్ వేయమంటున్నారు. ఎంత వేయాలి? వచ్చే వారం కొళత్తూరు నుంచి ఇంకో లాటు తెప్పిస్తున్నాను. ఫోటోలు పంపుతున్నాను.
– ఒక మహిళా రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ఫార్మలిన్ ఒక్క చుక్క కూడా వేయకండి. అది నీటిలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. మొప్పలు దెబ్బతిని ఇప్పటికే పైకి తేలుతున్న చేపలకు ఈ రాత్రి ఫార్మలిన్ వేస్తే రేపు పొద్దున లెక్కపెట్టడానికి చేపలు మిగలవు.

మీ మూడో ఫోటో చూశాక నాకు సంగతి అర్థమైంది. అందులో చేప మసకగా ఉంది గానీ మూలన స్పాంజి ఫిల్టర్ బాగా కనిపిస్తోంది. 18 రోజులు నీళ్లలో ఉన్న స్పాంజి గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే జారుడుగా ఉండాలి. మీది లేత నీలం రంగులో, నిన్ననే షాపు నుంచి తెచ్చినట్టుంది. ఆ జారుడులోనే చేపలు వదిలే అమ్మోనియాను తినే బ్యాక్టీరియా ఉంటుంది. అది కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీ తొట్లలో అసలు కుదురుకోనేలేదు. కొంచెం మొదలైనదాన్ని మిథిలీన్ బ్లూ, బ్లీచింగ్ కలిసి చంపేశాయి.

కాబట్టి మొదటి జబ్బు నీటిది. బోరు దగ్గర చూసిన పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.8 తొట్టిలో అలాగే ఉండదు. బోరు నీటిలోని కార్బన్ డయాక్సైడ్ గాలికి పోగానే పీహెచ్ పెరుగుతుంది. పైగా కొత్త సిమెంటు సున్నం వదులుతుంది. సాయంత్రం 4 గంటలకు తొట్టిలో చూస్తే 8.5 ఉన్నా నేను ఆశ్చర్యపోను. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపు భాగం 0.7 శాతమే. పీహెచ్ 8.5 అయితే అది 18 శాతం. అంటే అదే అమ్మోనియా 25 రెట్లు విషం అవుతుంది. మొప్పలు కాలిపోయేది దానివల్లే.

రెండో జబ్బు ఆ కాలిన మొప్పల మీద, చర్మం మీద పడింది. నోటి దగ్గర దూది, వీపు మీద గుర్రపు జీనులా పొర, మోలీల్లో వేగంగా చావులు, పైగా వేడి నీరు. ఇది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా అని నా గట్టి అనుమానం. ఫంగస్ సాధారణంగా పాత పుండ్ల మీద, చచ్చిన గుడ్ల మీద పెరుగుతుంది. ఇలా రోజుకు 30 చేపల్ని తీసుకుపోదు. ఇక వైట్ స్పాట్ అన్నవారు రొయ్యల చెరువుల మాట పట్టుకొచ్చారు. రొయ్యల వైట్ స్పాట్ వైరస్‌కూ మీ మోలీలకూ సంబంధం లేదు. చేపల్లో తెల్లమచ్చ వేరే పరాన్నజీవి, ఒంటి నిండా బొంబాయి రవ్వ చల్లినట్టు ఉంటుంది. మీ ఫోటోల్లో ఆ గింజలు లేవు.

ఇప్పుడు చేయాల్సింది. రెండు రోజులు మేత పూర్తిగా ఆపండి, చేపలు చావవు. తర్వాత రోజుకు ఒక్కసారి, 2, 3 నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయండి. చచ్చినవి కనబడగానే తీసి సున్నం వేసి పూడ్చండి. నీళ్లన్నీ ఒకేసారి మార్చొద్దు. ప్రతి తొట్టిలో రోజూ 30 శాతం, అంటే 150 లీటర్లు తీసి, ముందురోజే డ్రమ్ముల్లో పట్టి 24 గంటలు గాలి కొట్టించిన నీరు పోయండి. అమ్మోనియా 0.25 పీపీఎం (లీటరుకు 0.25 మి.గ్రా.) లోపుకి వచ్చేదాకా ఇది ఆపొద్దు. పీహెచ్ తగ్గించాలని యాసిడ్ లాంటివి పోయకండి. ఏరేటర్ రాత్రిపూట ఒక్క గంట కూడా ఆగకూడదు.

కల్లుప్పు లీటరుకు 3 గ్రాములు కావాలి. మీ తొట్టికి 1.5 కిలోలు. ఒకేసారి గుమ్మరించకుండా ఈ రోజు ఉదయం అర కిలో, సాయంత్రం అర కిలో, రేపు ఉదయం అర కిలో బకెట్‌లో కరిగించి పోయండి. ఆ తర్వాత నీరు మార్చిన ప్రతిసారీ తీసిన 150 లీటర్లకు 450 గ్రాములు కలపాలి. ఉప్పు మొప్పల మీద భారం తగ్గిస్తుంది. అమ్మోనియా తగ్గాక, దాన్నుంచి తయారయ్యే నైట్రైట్ అనే మరో విషం పెరుగుతుంది, దాని విషాన్నీ ఉప్పే ఆపుతుంది. మోలీలు, గోల్డ్ ఫిష్ దీన్ని తట్టుకుంటాయి. తొట్లలో మొక్కలుంటే తీసేయండి.

దూది కనబడుతున్న చేపలకు మాత్రం పొటాషియం పర్మాంగనేట్ స్నానం. 10 గ్రాములు లీటరు నీటిలో కరిగించి పెట్టుకోండి. 50 లీటర్ల టబ్బుకు అందులోంచి 50 మి.లీ. చాలు. గాలి కొట్టిస్తూ 10 నిమిషాలు, గడియారం చూసి. మీ నీటి పీహెచ్ ఎక్కువ కాబట్టి అంతకు మించి ఉంచితే మొప్పలకు ప్రమాదం. చేప పక్కకు ఒరిగితే వెంటనే తీసి తొట్టిలో వేయండి. 4 రోజుల తర్వాత ఇంకొక్కసారి, అంతటితో ఆపాలి. దీన్ని ఫార్మలిన్‌తో ఎప్పుడూ కలపకండి.

యాంటీబయాటిక్ సంగతి వింటే నాకు కోపం వచ్చింది, మీ మీద కాదు. 4 తొట్లకు 80 కాప్సూల్స్ అంటే 40 గ్రాములు. మీ దగ్గర మిగిలిన చేపలన్నీ కలిపి తూచినా రెండు కిలోలు దాటవు. వాటికి నిజంగా అవసరమైతే మేతలో కలిపి ఇవ్వాల్సింది కిలో బరువుకు 75 మి.గ్రా., అంటే రోజుకు 150 మి.గ్రా. పది రోజులకు కలిపి గ్రామున్నర. ఆ 40 గ్రాములూ నీటిపాలయ్యాయి. మన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి ఆక్సీటెట్రాసైక్లిన్‌ను పట్టేసుకుంటాయి, చేప ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. మరి ఆ నీళ్లు ఎటు వెళ్లాయి? మీ పెరటి కాలువలోకి. మందుకు లొంగని బ్యాక్టీరియా ఇలాగే తయారవుతుంది. రేపు మీ ఇంట్లో పిల్లల పుండుకు అదే మందు పని చేయకపోతే ఎవరిని అడగాలి? షాపులో ఒక్కరైనా "తొట్టి నీళ్లు చూపించారా?" అని మిమ్మల్ని అడిగారా?

మీరున్న జిల్లాలో చెరువుల రైతుల కోసం పెట్టిన ఆక్వా ల్యాబులు చాలా ఉన్నాయి. ఒక్కో తొట్టి నుంచి అర లీటరు నీళ్లు, సాయంత్రం పట్టినవి తీసుకెళ్లి పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్ చూపించండి. ఇంట్లోకి ఒక టెస్ట్ కిట్ కొనుక్కోండి. ఇప్పటిదాకా మందులకు పెట్టిన ఖర్చులో అది వచ్చేది.

అలాగే నీరసంగా ఉన్నా ఇంకా బతికున్న 4, 5 మోలీలను కవరులో మూడో వంతు నీరు, మిగతా ఆక్సిజన్ పట్టించి ల్యాబుకు తీసుకెళ్లండి. చచ్చిన చేపను తీసుకెళ్తే లాభం లేదు, గంటలోనే ఇతర బ్యాక్టీరియా కమ్మేస్తుంది. మొప్ప ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టించండి. కాలమ్నారిస్ అయితే సన్నటి పొడుగాటి పుల్లలు పాకుతూ వచ్చి ఒకచోట గడ్డివాముల్లా పోగుపడతాయి. చూసినవాళ్లు మర్చిపోరు. అది తేలి, చేపలు మేత ముడుతుంటేనే పైన చెప్పిన మోతాదు మేతలో మొదలుపెడదాం. అంతవరకు కాప్సూల్ ముట్టుకోకండి.

స్పాంజిలను ఇక కుళాయి కింద పిండొద్దు. తొట్టి నీళ్లే బకెట్‌లో తీసుకుని అందులో రెండుసార్లు నొక్కితే చాలు. వలలు తొట్టికొకటి ఉంచి ఎండలో ఆరబెట్టండి. చేతికి గాటు ఉంటే గ్లౌజులు లేకుండా నీళ్లలో పెట్టకండి.

వచ్చే వారం కొళత్తూరు నుంచి ఇంకో లాటు తెప్పిస్తున్నట్టు రాశారు. ఫోన్ చేసి ఆపించండి. రెండు తొట్లు ఖాళీ చేయగలిగితే వాటిలో ఫిల్టర్ నడుపుతూ రోజూ చిటికెడు మేత వేయండి, చేపలు లేకుండానే. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చాకే కొత్త లాటు, అదీ 3 వారాలు విడిగా ఉంచి. నాలుగు రోజుల తర్వాత నాలుగు తొట్ల రీడింగులు, ఉదయానివి, సాయంత్రానివి విడివిడిగా రాసి పంపండి.