రెండడుగుల ఆక్వేరియానికి తక్కువ ఖర్చులో ఇంట్లోనే లైటు చేసుకోవడం ఎలా?

మీది నర్సాపురం దగ్గర ఊరు, తొట్టి 24×12×12 అంగుళాలు, మొక్కలు కూడా పెరగాలి, షాపులో లైటు ఖరీదెక్కువ అంటున్నారు కదా. నిక్షేపంగా ఇంట్లోనే చేసుకోవచ్చండి. ఆక్వేరియం లైటని రాసున్నదే కొననక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో రెండడుగుల 10 వాట్ల ఎల్ఈడీ బ్యాటెన్లు (ట్యూబులైట్‌లా పొడుగ్గా ఉండే లైట్లు) రెండు తీసుకోండి. ప్లాస్టిక్ బాడీ, 6500 కె (వెలుతురు రంగుకి కొలత) తెలుపు. ఒక్కోటి సుమారు 1000 ల్యూమెన్ల వెలుతురు ఇస్తుంది. మీ తొట్టి దాదాపు 55 లీటర్లు. అనుబియాస్, జావా ఫెర్న్, వాలిస్నేరియా లాంటి తక్కువ వెలుతురు మొక్కలకి ఒక్కటే చాలు. రెండోదానికి వేరే స్విచ్ పెట్టుకోండి, ఎక్కువ వెలుతురు కోరే కాడ మొక్కలు (నిలువు కాడతో పెరిగేవి) నాటినప్పుడు వెయ్యొచ్చు.

బ్యాటెన్లని తొట్టి పైన బిగించడానికి చెక్క వద్దు, మన తేమకి ఉబ్బిపోతుంది. కిచెన్ కబోర్డులకి వాడే 12 మి.మీ. పీవీసీ ఫోమ్ బోర్డు ముక్క 25×9 అంగుళాలు కోయించండి. బ్యాటెన్లు దాని అడుగున వస్తాయి. నాలుగు మూలలా అంగుళం పీవీసీ పైపు ఎండ్ క్యాపుల్ని (పైపు చివర మూతల్ని) స్క్రూతో బిగించి, వాటిలో నాలుగంగుళాల పైపు ముక్కలు దూర్చండి. అవే కాళ్లు. ప్రతి కాలి అడుగున అంగుళం లోతు, 6 మి.మీ. వెడల్పు గాడి కోస్తే పక్క అద్దాల మీద కూర్చుంటుంది. స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే. సముద్రపు గాలికి మామూలు ఇనుము తుప్పు పట్టి, తుప్పు నీళ్లు తొట్టిలో పడతాయి.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా చదవండి. చవక బ్యాటెన్లలో చాలావాటికి లోపలి ఎల్ఈడీ పట్టీ 230 వోల్టులతో నేరుగా కలిసే ఉంటుంది. వెలుతురు పెరుగుతుందని పైన తెల్ల కవరు తీసేస్తుంటారు, దయచేసి తియ్యకండి. రెండు చివరలూ, వైరు వచ్చే చోటా సిలికాన్ పూయండి, కానీ వెనిగర్ వాసన వచ్చే రకం కాదు. అది ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగి తీగని తినేస్తుంది. న్యూట్రల్ సిలికాన్ అడిగి తీసుకుని, 24 గంటలు ఆరనివ్వండి. జాయింట్లు టేపుతో కాకుండా కనెక్టరుతో వేసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, తేమకి టేపు జిగురు వదిలేస్తుంది. వైరు సాకెట్టు కంటే కిందికి ఒక వంపు వేలాడాలి, నీటి చుక్క జారినా అక్కడే రాలిపోతుంది. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉన్న లైను నుంచే కరెంటు ఇవ్వండి. మొత్తం ఖర్చులో ఆర్‌సీసీబీయే పెద్దదవ్వొచ్చు, అయినా అది మాత్రం మానకండి. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకెయ్యాలి.

తొట్టి మీద 4 మి.మీ. అద్దం మూత వెయ్యండి. నీటి చిమ్ములు లైటుకి తగలవు. బోరు నీళ్లయితే మూత మీద తెల్ల పొర కట్టి వెలుతురు తగ్గుతుంది. వారానికోసారి నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది.

నాచు పట్టిందంటే తప్పు చాలాసార్లు లైటుది కాదు, గంటలది. చెరువులో మేత ఎక్కువైతే నీళ్లు పచ్చబడతాయి కదా, ఇక్కడా అంతే: మేత మిగిలి, పైన వెలుతురు ఎక్కువైతే నాచే బాగుపడుతుంది. మొదటి రెండు వారాలు రోజుకి ఆరు గంటలు, తర్వాత ఏడెనిమిది. ప్లగ్గు టైమర్ పెట్టుకుంటే మర్చిపోయే బాధ ఉండదు. కిటికీ ఎండ నేరుగా పడే చోట తొట్టి ఉంటే ముందు దాన్ని జరపండి. రెండు బ్యాటెన్లూ రోజుకి ఎనిమిది గంటలు వెలిగినా నెలకి ఐదు యూనిట్ల లోపే.

12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్పు గురించి కూడా అడిగారు. షాకు భయం తక్కువ, నిజమే. కానీ మన గాలికి దాని టంకం జాయింట్లు త్వరగా పచ్చగా చిలుం పడతాయి. వాడాలనుకుంటే అల్యూమినియం చానెల్లో అతికించి, ప్రతి జాయింటునీ అదే న్యూట్రల్ సిలికాన్‌తో మూసెయ్యండి. అడాప్టరు మాత్రం తొట్టి కంటే ఎత్తులో, పక్కగా గోడకి ఉండాలి.