ప్రాచీన ప్రపంచపు ఏడు వింతల మీద నీ వ్యాసం చదివాక

తమ్ముడూ,

వ్యాసం మొత్తం చదివా. చదివించే చెయ్యి నీది, అందులో డౌట్ లేదు. కానీ ఒకటి గట్టిగానే చెప్పాలి. ప్రతి కట్టడానికీ ఎత్తెంత, ఎవరు కట్టించారు, ఎన్నేళ్ళు పట్టింది అని రాసుకుంటూ వచ్చి చివర్లో భూకంపంలో కూలిపోయిందని ఒక్క ముక్కతో వదిలేశావు, అసలు కథ మొదలయ్యేదే అక్కడ కదా! కూలిన రాళ్ళు ఎటు పోయాయి, ఎవరు పట్టుకెళ్ళారు, దేనికి వాడుకున్నారు, అదీ నువ్వు రాయాల్సింది.

హలికార్నసస్‌లో మౌసోలస్ రాజు సమాధినే తీసుకో. క్రీ.పూ. 4వ శతాబ్దం నాటిది, భూకంపాలకి దెబ్బతిన్న మాట నిజమే, కానీ పునాదుల దాకా ఊడ్చేసింది మనుషులే. సెయింట్ జాన్ నైట్లు, అంటే క్రైస్తవ యోధుల సంఘం వాళ్ళు, 15వ శతాబ్దం మొదట్లో అక్కడే, అంటే ఇప్పటి టర్కీలోని బోద్రుమ్‌లో, కోట మొదలెట్టారు, రాళ్ళు పక్కనే రెడీగా ఉన్నాయి. 1522లో ఒట్టోమన్ల దాడి భయంతో రిపేర్లకి సున్నం కావాల్సొచ్చి, పాలరాయి కాలిస్తే సున్నమే కాబట్టి, పొలంలో పైకి తేలిన తెల్లటి మెట్లు పెకలించుకుంటూ పోయారు, పోగా పోగా లోపల స్తంభాలతో, చెక్కిన బొమ్మలతో ఒక గది బయటపడింది. చూసి ముచ్చటపడ్డారట, ఆ తర్వాత ఆ బొమ్మల్ని కూడా పగలగొట్టేశారట. ఇంకా లోపల సమాధి కనబడింది గానీ పొద్దుపోయిందని వెనక్కెళ్ళారు, తెల్లారి వచ్చేసరికి ఎవరో తెరిచేశారు, బంగారు గుడ్డపీలికలు నేలంతా చెల్లాచెదురు. ఇదంతా 1581లో గిషార్ అనే ఫ్రెంచ్ ఆయన రాసిపెట్టాడు. ముచ్చటపడీ పగలగొట్టారు చూడు, ఆ ఒక్క క్షణం నీ చేతికి చిక్కితే వ్యాసం నిలబడిపోతుంది, నీ ఎత్తులూ కొలతలూ ఎవరికీ గుర్తుండవు.

గ్రీకు దీవి రోడ్స్‌లోని ఆ భారీ కంచు విగ్రహం దగ్గర మాత్రం జాగ్రత్త. రేవుకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడిందని రాశావు, అది మధ్యయుగాల్లో పుట్టిన కట్టుకథ, తీసెయ్. నిలబడింది అరవై ఏళ్ళు కూడా లేదు, క్రీ.పూ. 226 ప్రాంతంలో మోకాళ్ళ దగ్గర విరిగి పడింది, పడ్డాకే ఎక్కువమంది చూశారు. బొటనవేలిని రెండు చేతులా చుట్టి పట్టుకోగలిగేవాళ్ళే తక్కువని క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ రాశాడు. విరిగిపడ్డ ఆ విగ్రహం కంచుని 900 ఒంటెల మీద తరలించారనే కథ నాకూ ఇష్టమే, కానీ క్రీ.శ. 653 నాటి సంగతిని బైజాంటిన్ చరిత్రకారుడు థియోఫనీస్ రాసింది దాదాపు 150 ఏళ్ళ తర్వాత, కాబట్టి ఎవరు చెప్పారో పేరు పెట్టి రాయి, జరిగినట్టే రాసెయ్యకు.

ఇంకోటి. నైట్ల మీద కోపంతో ఊగిపోకు. మన అమరావతి స్తూపం సంగతేంటి? జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బ తవ్వి రాళ్ళు తీశారు, 1798లో చూసెళ్ళిన బ్రిటిష్ అధికారి కాలిన్ మెకంజీ 1816లో మళ్ళీ వస్తే దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వుంది. మిగిలిన శిల్పాల్లో చాలా భాగం మద్రాసు చేరి, అక్కణ్ణించి 1859లో కొన్ని లండన్ ఓడెక్కాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అవీ, హలికార్నసస్ రాళ్ళూ ఒకే కప్పు కింద ఉన్నాయి. తెలుగులో రాసేవాడివి, ఈ సంగతి నువ్వు పట్టుకోకపోతే ఇంకెవరు పట్టుకుంటారు చెప్పు?

ఏడూ వద్దు, ఒక్కటే రాయి. ఆ మ్యూజియంలోనే మౌసోలస్ సమాధి మీది రథం గుర్రం ముందు సగం ఉంది, నోట్లో కంచు కళ్ళెం ఇంకా అలాగే ఉంది, ఫొటోలు వెతికి దగ్గర్నించి చూడు. అక్కణ్ణించి మొదలెట్టి 1522 దాకా వెనక్కెళ్ళు. రాశాక పంపు, రాత్రయినా సరే చదువుతా.

ఉంటాను,
అన్నయ్య