తెలుగు మీడియంలో చదివినవాళ్లకు విదేశాల్లో ఇంగ్లీష్ టీచర్ ఉద్యోగం ఇస్తారా?

తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీష్ ఎం.ఏ. చేశాను, మాటలో తెలుగు యాస ఉంది, విదేశాల్లో ఇంగ్లీష్ చెప్పే ఉద్యోగం ఇస్తారా అని అడిగారు. ఇస్తారు, నాకు ఇచ్చారు. చిత్తూరు దగ్గర పల్లెలో జెడ్పీ హైస్కూల్లో చదివి, తిరుపతిలో ఎం.ఏ., బి.ఎడ్. చేసి, థాయ్‌లాండ్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో కొన్నేళ్లు పనిచేశాను. మనకు అడ్డం వచ్చేది యాస కాదు, పాస్‌పోర్టు.

దక్షిణ కొరియా సంగతే చూడండి. ఇంగ్లీష్ టీచర్లకిచ్చే ఇ-2 వీసా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడు దేశాల వాళ్లకే. 2010 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత్-కొరియా ఒప్పందంతో మనకూ ఒక సందు దొరికింది, కానీ ఇంగ్లీష్‌లోనే డిగ్రీ ఉండాలి, టీచర్ అర్హత కూడా ఉండాలి, అప్పుడు ప్రభుత్వ బడిలో సహాయ టీచర్. ఆ ఏడు దేశాల వాళ్లకైతే ఏ సబ్జెక్టులో డిగ్రీ ఉన్నా సరిపోతుంది. నాకిది ఎప్పటికీ మింగుడు పడదు.

నేను చేరిన కొత్తలో జరిగింది చెప్తాను. థాయ్ పిల్లలు 'ఐ లైక్' అనమంటే 'ఐ లై' అని ఆపేస్తారు. ఫైవ్ అంటే ఫై, హౌస్ అంటే హౌ. వాళ్ల భాషలో ఐ, ఔ లాంటి అచ్చు తర్వాత చివర హల్లు రాదు, నోరు అక్కడికి పోదు. నాతో పనిచేసే బ్రిటన్ అబ్బాయి చాలా మంచివాడు, పాపం గొంతు పోయేదాకా 'లైక్, లైక్' అని అరిచేవాడు, క్లాసంతా 'లై, లై' అనేది. నేను వెనక బెంచీలో కూర్చుని చూస్తుంటే మా ఊరి బడి గుర్తొచ్చింది. మనది దీనికి తిరగేసిన రోగం కదా, చివర ఉకారం తగిలించి లైకు, బుక్కు అంటాం, ఆ ఉకారం మింగమని మా ఇంగ్లీష్ సారు తొడపాశం పెట్టేవారు.

నా పీరియడ్ వచ్చినప్పుడు బోర్డు మీద తెలుగు క్లాసులో సంధి రాసినట్టే రాశాను. లైక్ + ఇట్ = లై కిట్. వాడు + ఎక్కడ = వాడెక్కడ అని మనం రాసేవాళ్లం చూడండి, అచ్చంగా అలాగే. ఆ అచ్చు తర్వాత క్ అనే హల్లు చివర పలకలేరు గానీ మొదట వస్తే వాళ్లకు కష్టమేమీ లేదు. ముందు 'లై' అని ఒక చప్పట, తర్వాత 'కిట్' అని ఇంకో చప్పట. రెండూ దగ్గర చేస్తూ పోయి, ఆఖరికి 'ఇట్' తీసేయించాను. గంట కొట్టేసరికి వెనక వరసలో అల్లరి పిల్లోడు ఒకడు ఫ్యాను చూపించి, కిటికీ చూపించి, చివరికి నా మీసం చూపించి 'ఐ లైకిట్' అంటుంటే క్లాసంతా ఒకటే నవ్వు. పక్కన నిలబడిన థాయ్ టీచరమ్మ ఆ లెక్కను తన నోట్‌బుక్కులో ఎక్కించుకుంది.

పుట్టుకతో ఇంగ్లీష్ వచ్చినవాడికి అక్కడ ఒక గుంత ఉందనే తెలియదు. పడి లేచినవాడికి తెలుసు. కనీసం హైస్కూలు దాటేదాకా ఇంగ్లీష్ నేర్చుకుని వచ్చినవాళ్లే మంచి టీచర్లు, ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. 1961లో ఉగాండాలోని మకెరెరెలో జరిగిన సదస్సులో ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లే ఆదర్శ టీచర్లు అనే సూత్రం పెట్టారు. 1992లోనే రాబర్ట్ ఫిలిప్సన్ అనే పండితుడు, ఆయన బ్రిటన్‌లోనే పుట్టినవాడు, అది భ్రమ అని రాశాడు. అయినా ఉద్యోగ ప్రకటనల్లో మాతృభాష వాళ్లకు ఒక జీతం, మిగతావాళ్లకు ఇంకో జీతం అని బాహాటంగానే వేస్తారు. ఫిలిప్పీన్స్ టీచర్లు ఎంత బాగా చెప్పేవాళ్లో, వాళ్లకూ ఆ తక్కువ జీతమే. మా స్కూలు కరపత్రం మీద మాత్రం తెల్లమొహాలే. మన తిరుపతిలో స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డులు చూడండి, వాటి మీదా తెల్లవాళ్ల ఫొటోలే, లోపల చెప్పేది మన పుత్తూరు, పీలేరు కుర్రాళ్లు. వాళ్ల ఫొటో వేస్తే ఏం పోతుంది?

యాస గురించి టెన్షన్ వద్దు, ఎదుటివాడికి అర్థమైతే చాలు. తిరుమల కొండ మీద బొమ్మలమ్మే ఆమె తమిళం, కన్నడం, హిందీ మూడూ తెలుగు యాసలోనే మాట్లాడుతుంది, ఆమె బేరం ఏరోజూ ఆగలేదు.

కానీ కాగితాలు గట్టిగా ఉండాలి. థాయ్‌లాండ్‌లో మనల్ని టోయిక్ లాంటి ఇంగ్లీష్ పరీక్ష మార్కులు అడుగుతారు. సెల్టా అనే ఇంగ్లీష్ బోధన సర్టిఫికెట్ చేస్తే ఇంకా మంచిది, 120 గంటల కోర్సు, అందులో 6 గంటలు నిజంగా క్లాసు చెప్పించి చూస్తారు. డబ్బు ఎక్కువనిపిస్తే హైదరాబాద్ ఇఫ్లూలో, అంటే ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీలో, ఇంగ్లీష్ బోధన సర్టిఫికెట్ కోర్సు ఉంది, ఆ యూనివర్సిటీని పెద్దవాళ్లు ఇప్పటికీ పాత పేరుతో సీఫెల్ అనే అంటారు. వారంలో ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఇప్పిస్తాం, టూరిస్ట్ వీసా మీద పోయి పనిలో చేరండి అనే కన్సల్టెన్సీ వాళ్లకు మాత్రం పైసా ఇవ్వొద్దు, అలా పనిచేయడం నేరం, పట్టుకుంటే వాళ్లెవరూ రారు. ఏజెంటు రిజిస్టరయ్యాడా లేదా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూసుకోండి.

బి.ఎడ్. చేశారో లేదో మీరు రాయలేదు. చేసుంటే ముందు మాల్దీవులకు ప్రయత్నించండి, అక్కడ ఎన్నో ఏళ్లుగా మన దేశపు టీచర్లు పనిచేస్తున్నారు, ఏ దేశంలో పుట్టావని ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నగా అడగరు.