కాచిన బిడ్డ

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. క్రిస్టఫర్ పావొలీనీ రాసిన 'ఎరగాన్' నవలల పిచ్చిలో పడింది. వాటిలో మంత్రాలన్నీ 'ప్రాచీన భాష' అనే ఒక కల్పిత భాషలో ఉంటాయి. దొరికిన మాటనల్లా నోటుబుక్కులోకి ఎక్కించి, వ్యాకరణం కూర్చుకుంటూ, పక్కన తెలుగు అర్థాలు రాస్తోంది. ఒకచోట హీరో ఒక పసిపాపను దీవిస్తూ 'స్కోలిరో' అనాల్సింది 'స్కోలిర్' అంటాడు. మొదటిదానికి 'కాపాడబడినది' అని, రెండోదానికి 'రక్షిత' అని నేను చెప్పాను. 'రక్షిత అన్నా కాపాడబడినదే కదమ్మా' అంటోంది. ఎవరిది ఒప్పు? ఇంకొకటి, 'మంత్రభాష' అనాలా, 'మాంత్రిక భాష' అనాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మాయిదే ఒప్పు. మీదీ పూర్తిగా తప్పు కాదు. ఆ పాప మగపిల్లవాడై ఉంటే మీరు గెలిచేవారు. అదెలాగో తర్వాత చెబుతాను.

మీ ఉత్తరం చూశాక మా మనవడి అలమరలోంచి ఆ నవలల్లో రెండోది తీశాను. రాసినాయన పదిహేనో ఏట మొదలుపెట్టాడట. మొదటి నవలను 2002లో ఇంట్లోవాళ్లే సొంతంగా అచ్చు వేయించారు. భాషకు పునాది మాత్రం గట్టిదే, పాత నార్స్, అంటే ఉత్తర ఐరోపాలో ఒకప్పుడు మాట్లాడిన భాష. అక్కడ నిప్పును 'బ్రిసింగర్' అంటారు. ఆ మాట నార్స్ ప్రాచీన కవిత్వంలో నిజంగానే ఉంది. రాయి 'స్టెన్ర్'. చాలా మాటలు ఆయన సొంతంగా పుట్టించినవే.

నన్ను పట్టుకున్నది మీ అమ్మాయి పట్టుకున్న ఆ దీవెనే. ఆపద నుంచి కాపు పొందిన బిడ్డవు కావాలన్నది ఎరగాన్ మనసులోని మాట. నోట వచ్చింది మాత్రం ఆపదకు అడ్డం పెట్టే డాలువు కావాలని. 'ర్'తోనో 'ఇ'తోనో ముగిసే మాటకు చివర 'ఓ' చేరిస్తే భూతకాలం వస్తుందని తర్వాత గురువు ఓరోమిస్ చెబుతాడు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఎల్వా అనే ఆ పిల్ల చుట్టుపక్కల ఎవరికి నొప్పి కలిగినా తానే పడుతూ, వాళ్లకు అడ్డం వెళ్లక తప్పని బతుకులో ఇరుక్కుంది. ఒక్క 'ఓ' లోపించినందుకు! వ్యాకరణం ఎందుకండీ అని నన్ను అడిగేవాళ్లకు ఇకమీదట ఈ కథే చెబుతాను.

మనకు ఈ కథ కొత్త కాదు. కొడుకును ఇంద్రుడు చంపాడన్న కోపంతో త్వష్ట 'ఇంద్రశత్రుర్వర్ధస్వ' అంటూ హోమం చేశాడు. ఇంద్రుణ్ణి చంపేవాడు పెరగాలని ఆయన కోరిక. స్వరం, అంటే మంత్రంలో అక్షరాన్ని ఎత్తి పలికే తీరు, మాట చివర పడాల్సింది మొదట పడింది. తత్పురుష కాస్తా బహువ్రీహి అయి, ఇంద్రుడే ఎవణ్ణి చంపుతాడో వాడు అనే అర్థం వచ్చింది. పుట్టిన వృత్రుడు ఇంద్రుడి చేతిలోనే పోయాడు. 'మంత్రో హీనః స్వరతో వర్ణతో వా' అని ఉచ్చారణ నేర్పే పాత గ్రంథం 'పాణినీయ శిక్ష' హెచ్చరించింది ఈ తప్పు గురించే.

ఇక 'కాపాడబడినది'. అమ్మా, ఈ 'బడు' మీద నాకు చాలాకాలంగా కోపం. పాత కావ్యాల్లో 'అనబడు', 'చెప్పబడు' ఉన్నాయి, వ్యాకరణమూ కాదనదు. అయినా 'ఇచ్చట బట్టలు కుట్టబడును' అన్న బోర్డు చూసినప్పుడల్లా లోపల దర్జీ ఉన్నాడా, లేక బట్టలు వాటంతటవే కుట్టుకుంటున్నాయా అనిపిస్తుంది. పేపర్లలో దొంగలు పట్టుబడితే చాలదు, 'పోలీసులచే అరెస్టు చేయబడ'తారు. (భయపడు, కష్టపడు వేరు, వాటి జోలికి పోను.)

మన మొసలి మడుగులో ఏనుగు ఏమని అరిచింది? పోతన చెవి పెట్టి విన్నాడు: 'రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!' నేను రక్షింపబడుదును గాక అనలేదు. కాచేవాణ్ణి పేరు పెట్టి పిలిచి, కాచమంది. ఇంకో సంగతి చూడండి. 'కావవే', 'సంరక్షించు' రెండూ ఒకటే అర్థం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ముందు ఇంటి మాట వచ్చింది, ఆనక సంస్కృతం వచ్చింది. ఛందస్సు కోసం అలా కుదిరిందంటారేమో, అననివ్వండి. నాకు మాత్రం అందులో ఏనుగు గొంతు వినిపిస్తుంది.

ఆ 'కావవే'లో ఉన్న ధాతువు 'కాచు'. తమిళానికీ కన్నడానికీ మనకూ ఉమ్మడి సొత్తు. తమిళంలో 'కాప్పు' అంటే రక్ష, రక్షగా చేతికి వేసే కడియం, కావ్యం మొదట చెప్పుకునే ప్రార్థన పద్యం కూడా. మన దగ్గర కాపు, కాపరి, కాపలా, కాపుదల, కాపాడు అన్నీ దీని పిల్లలే. రైతును కాపు అనడమూ ఇందులోంచే వచ్చిందని పెద్దల మాట. తప్పు కాయడం క్షమించడం. కొమ్ము కాయడం ఎవరికో వత్తాసు పలకడం. 'కాసుకో!' అంటే నిన్ను నువ్వు కాపాడుకో అని, అంటే ఇప్పుడు తంతానని. చేను కాచినవాడు కాపు, దారి కాచినవాడు దొంగ. ధాతువు ఒక్కటే, చేతిలో కర్రా ఒక్కటే! చెట్టు కాయడం, పాలు కాచడం వేరే ధాతువులు.

ఇంత మంచి మాట ఉండగా 'కాచిన బిడ్డ' అనేస్తే సరిపోదా అంటే, సరిపోదు. చిక్కు ఇక్కడే ఉంది. 'చంపిన పులి' అంటే మనిషిని చంపిందా, మనిషి చంపిందా? 'తిన్న పిల్లాడు', 'తిన్న జామకాయ', 'తిన్న పళ్లెం' అన్నిటికీ ఒకే 'తిన్న'. పక్కమాట చూసి మనమే గ్రహించుకుంటాం. మాట్లాడేందుకు ఇది హాయి. అన్నమాట అన్నట్టే జరిగే చోట మాత్రం ప్రమాదం. 'కాచిన బిడ్డవు కావాలి' అని ఎరగాన్ తెలుగులో దీవించి ఉంటే ఆ మంత్రం ఎటు పోవాలో తెలియక గాలిలో నిలబడేది.

కాబట్టి సంస్కృతం అప్పు తెచ్చుకోవాలి. 'రక్షితా జీవలోకస్య' అని నారదుడు వాల్మీకికి రాముణ్ణి గురించి చెబుతాడు. అక్కడ రక్షిత అంటే రక్షించేవాడు, మన దాత, నేత, కర్తల్లాగా. ఆడపిల్లకు పేరుగా పెట్టుకునే రక్షిత వేరు. ఆమె రక్షణ పొందినది. తెలుగులోకి వచ్చేసరికి రెండూ ఒకటే రూపు. మగపిల్లవాడైతే మీరు గెలిచేవారన్నది అందుకే. రక్షించే స్త్రీ 'రక్షిత్రి', రచయితకు రచయిత్రిలాగా. స్కోలిరోకు 'రక్షిత', స్కోలిర్‌కు 'రక్షిత్రి' అని రాసుకోమనండి. స్కోలిర్‌కు అసలు అర్థం డాలే గానీ, నాలుక ఒక్క అడుగు తడబడే సరదా ఈ జంటలో దక్కుతుంది.

అది నోటుబుక్కు కోసం. నిజంగా ఒక బిడ్డను దీవించాలంటే 'ఆపద నిన్ను అంటకుండు గాక' అంటే చాలు. 'కాపాడబడుదువు గాక' తప్పని కొట్టెయ్యను. మా మనవరాలిని మాత్రం అలా దీవించను.

మంత్రభాష, మాంత్రిక భాష రెండూ సాధువులే. మొదటిది చెవికి తేలిక. 'ప్రాచీన భాష' అని అట్ట మీద రాయవద్దనండి, 2008లో మనకు వచ్చిన హోదా గురించి అనుకుంటారు.