ఐదింటికే లేస్తున్నా.. సంతోషం ఏది?

ప్రశ్న: నా వయసు 36. ఉద్యోగం, ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఏ లోటూ లేదు. అయినా సంతోషంగా అనిపించడం లేదు. నన్ను నేను మార్చుకుందామని మూడు నెలలుగా ఉదయం ఐదింటికే లేస్తున్నాను. వ్యాయామం, ధ్యానం, డైరీ, పుస్తకం అన్నీ పెట్టుకున్నాను. పిల్లలు పడుకున్నాక కాసేపు ఫోన్ చూసి నిద్రపోయేసరికి పన్నెండు దాటుతోంది. ఒక్కరోజు ఏదైనా తప్పితే నా మీద నాకే కోపమొచ్చి అన్నీ వదిలేస్తున్నాను. మళ్లీ మొదటికి. నాలో ఏదైనా లోపం ఉందా? - ఓ పాఠకురాలు

జవాబు: మీ రోజును లెక్కేస్తే మీరు నిద్రపోయేది ఐదు గంటలే. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటలు కావాలి. నెలల తరబడి నిద్ర తగ్గితే చిరాకు పెరుగుతుంది, ఇష్టమైన పని కూడా బరువనిపిస్తుంది. బాగుపడాలన్న తపనతో మీరు తగ్గించుకున్నది మనసుకు అన్నిటికంటే అవసరమైనదాన్నే. ఐదింటికి లేవాలనుకుంటే రాత్రి పదికల్లా పడుకోండి. కుదరదంటే ఏడింటికి లేవండి, తప్పేమీ లేదు.

ఫోన్ మానేయమని మాత్రం ఊరికే చెప్పను. రోజు మొత్తంలో మీకంటూ మిగిలిన సమయం బహుశా అదొక్కటే. అందుకే నిద్ర వస్తున్నా వదలబుద్ధి కాదు. సాయంత్రం ఒక అరగంట పిల్లల్ని ఇంట్లో ఇంకొకరు చూసుకునేలా మాట్లాడుకోండి. ఆ అరగంట మీ చేతికొస్తే రాత్రి పూట ఫోన్ పక్కన పెట్టడం తేలికవుతుంది.

ఇక రెండు ప్రశ్నలకు నిజాయతీగా జవాబు చెప్పుకోండి. గత రెండు వారాల్లో దాదాపు రోజూ దిగులుగా, నిరాశగా ఉందా? ఒకప్పుడు ఇష్టపడి చేసిన వాటి మీద ఆసక్తి పోయిందా? ఏ ఒక్కదానికి అవునన్నా సైకియాట్రిస్టును కలవండి. అది డిప్రెషన్ కావచ్చు. అదే అయితే పట్టుదల సరిపోదు, చికిత్స కావాలి. చికిత్సతో చాలామంది కోలుకుంటారు. బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఆ రోజే ఇంట్లోవాళ్లకు చెప్పి ఆస్పత్రికి వెళ్లండి. థైరాయిడ్ తగ్గినా, రక్తహీనత ఉన్నా, బి12 తక్కువైనా మనిషి ఇలాగే నీరసంగా, నిరుత్సాహంగా అయిపోతారు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), బి12 పరీక్షలు ఒకసారి చేయించుకోండి.

ఇవేవీ లేవని తేలితే? అన్నీ ఉన్నా ఆనందం లేదన్నది కృతఘ్నత కాదు. జీతం పెరిగినా, కొత్త ఇల్లొచ్చినా కొన్నాళ్లకు మనసు దానికి అలవాటు పడిపోతుంది. అది మనసుకున్న గుణం, మీ తప్పు కాదు.

మీ నాలుగు అలవాట్లలో ప్రస్తుతానికి ఒక్కటే ఉంచుకోండి. నన్నడిగితే నడక. రోజూ చేసే ఏదో ఒక పనికి దాన్ని జత చేయండి, మధ్యాహ్నం భోజనం కాగానే పది నిమిషాలు, అంతే. మూడ్ బాగున్నాక నడుద్దామని ఆగకండి. చాలాసార్లు పని మొదలయ్యాకే మూడ్ వస్తుంది, డిప్రెషన్ చికిత్సలో కూడా ఈ సూత్రాన్ని వాడతాం. వీలైతే స్నేహితురాలితో కలిసి నడవండి.

21 రోజుల్లో అలవాటైపోతుందని చాలామంది చెబుతుంటారు. ఆ మాట నమ్మి తమను తాము తిట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోతే, మరికొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. మీరు ఆగిపోతున్నది ఆ తప్పిన రోజు వల్ల కాదు, మర్నాడు అన్నీ వదిలేయడం వల్ల. తప్పితే తప్పింది, రేపు నడవండి.

డైరీలో ఆత్మపరిశీలన కొన్నాళ్లు ఆపి, ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, నడిచారా లేదా అన్నది మాత్రం రాయండి. ఆరు వారాలు చూసినా మార్పు లేకపోతే ఆ డైరీ, రక్తపరీక్షల రిపోర్టులు తీసుకుని సైకియాట్రిస్టును కలవండి.