కొండవీటి నవల్లో పచ్చిమిరపకాయ

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను సత్యనారాయణపురంలో ఉంటా, ఖాళీ దొరికినప్పుడల్లా ఒక నవల రాస్తున్నా. కుమారగిరి రెడ్డి కాలం, కొండవీడు. హీరో మోటుపల్లి నుంచి వచ్చిన కర్పూరం వర్తకుణ్ణని చెప్పుకుంటాడు, నిజానికి శత్రురాజ్యం రాచకొండ వేగులవాడు. హీరోయిన్ పూలమ్ముకునే పిల్లలా ఉంటుంది కానీ ఇంట్లోంచి పారిపోయొచ్చిన పెద్ద శెట్టిగారి కూతురు. ఆమె పెట్టిన పచ్చిమిరపకాయ పచ్చడి తిని అతని కళ్ళమ్మట నీళ్ళు కారిపోతాయి, అక్కడ ఆమెకి డౌటొస్తుంది. మా ఆయనేమో ఇది సీరియల్ కథ, ఆ రోజుల్లో ఇలాంటివెక్కడివి అని ఒకటే నవ్వు. నిజమేనా?
- ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు మీవారికి చెప్పండి, ఇలాంటివి మనకి 16వ శతాబ్దంలోనే ఉన్నాయి. పింగళి సూరన కళాపూర్ణోదయంలో మణికంధరుడు రంభ ప్రియుడు నలకూబరుడి రూపంలో, కలభాషిణి రంభ రూపంలో కలుసుకుంటారు, ఇద్దరూ వేషాలే, ఎవరికి వాళ్ళు ఎదుటి మనిషి మాత్రం అసలే అనుకుంటారు. ఏ సీరియల్ వాళ్ళూ అంత దూరం పోలేదు లెండి.

ఇక పచ్చడి. గుంటూరు పక్కన కూర్చుని రాస్తుంటే చెయ్యి దానంతటదే మిరపకాయ మీదకి పోతుంది, మిమ్మల్ని అనేదేం లేదు. కానీ కుమారగిరి ఏలింది 1386 నుంచి 1402 దాకా. మిరపకాయేమో అమెరికా ఖండం పంట, పోర్చుగీసు ఓడలు మన దేశానికి వచ్చిందే 1498లో. అంటే కొండవీటి రెడ్లెవరూ గుంటూరు కారం ఎరగరు, పాపం! వాళ్ళ ఘాటంతా మిరియాలు, అల్లం లాంటివాటిదే.

ఆ మిరియాలే మీ కథకి పనికొస్తాయి. వర్తకుడి వేషం మాత్రం భలే కుదిరింది, ఎందుకంటే 1358లోనే కొండవీటి రాజు అనవోత రెడ్డి మోటుపల్లి రేవులో వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు, కుమారగిరికేమో కర్పూరం చల్లుకునే వసంతోత్సవాల పిచ్చి, వసంతరాజు అని బిరుదు కూడా, ఇంక కర్పూరం భరిణె పట్టుకుని వచ్చినవాణ్ణి కోటలోకి ఎవరు రానివ్వరు చెప్పండి. కానీ కర్పూరం ఊరికే ఉంచితే హరించుకుపోతుంది కదా, మా అమ్మమ్మ దేవుడి గూట్లో డబ్బాలో నాలుగు మిరియాలు వేసి పెట్టేది, మీ ఇంట్లోనూ వేసే ఉంటారు. మీ హీరోయిన్ అతని భరిణె మూత తీస్తుంది. సరుకు సగానికొచ్చింది, లోపల మిరియపు గింజ ఒక్కటి లేదు. శెట్టిగారి పిల్ల కాబట్టి చూడగానే తెలిసిపోతుంది, వీడు వర్తకుడు కాదు.

ఇప్పుడు చిక్కు చూడండి, ఆ మాట పైకి అంటే, పూలమ్మే దానివి నీకెలా తెలుసు అంటాడు. అతని గుట్టు విప్పితే తన గుట్టు కూడా పోతుంది, అందుకని నోరు మూసుకుని కూర్చోవాలి. ఒకవేళ ఇద్దరూ వెన్నెల్లో కూర్చుని నిజాలు చెప్పేసుకునే సీనేదైనా రాసుంటే మొహమాటం లేకుండా కొట్టేయండి. దాని బదులు ఆమె కొంగుముడి విప్పి నాలుగు మిరియాలు భరిణెలో వేసి మూత పెట్టేస్తుంది. మర్నాడు అతను తెరిచి చూస్తాడు. వేసిందెవరో తెలుసు, ఎందుకేసిందో తెలీదు, అడగడానికి ధైర్యం లేదు. తర్వాతి ఛాప్టర్ అక్కణ్ణించి ఎత్తుకోండి.